పరాయి చెవి

చెవి మిషను తీసి గిరిబాబు అరచేతిలో పెట్టగానే మాధవీలతకి లోకం నాలుగడుగులు వెనక్కి జరిగినట్టయింది. బిలాస్‌పూర్ పెద్దాసుపత్రి రెండో అంతస్తులో చెవి పరీక్షల గది అది. దూది పరుపు కుట్టినంత మందపు తలుపు. పొద్దున్నే ఆమెను ఆ తలుపు వెనక కూర్చోబెట్టి, చెవులకు డబ్బాలు తగిలించి, ఏ శబ్దం ఎంత వినబడుతోందో గీతలు గీసుకున్నాడు గిరిబాబు. తరవాత, మిషను తీసేస్తే మాట వినబడదని తెలిసినవాడు గనక, ఒక చీటీ మీద హిందీలో రాసి చూపించాడు. గంట పడుతుంది ఆంటీ, మిషన్ని కంప్యూటరుకి తగిలించి చూడాలి, బయట కూర్చోండి అని. పేరు తెలుగుది, ఇంట్లో మాట తెలుగు, రాత మాత్రం హిందీ. ఈ ఊళ్లోనే తోర్వాలో, వాళ్ల వీధి చివర ఇంటి గోవిందరావు కొడుకే ఇతను. ఆ మాత్రం ఎరిక ఉండబట్టే ఇవాళ నంబరు దొరికింది. ఆమె తలూపి వచ్చి బల్ల మీద కూర్చుంది. పక్కన భర్త విశ్వనాథం కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని, తలుపు వంకే చూస్తూ కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు గూడ్సుబండి గార్డుగా చేసిన మనిషి. సిగ్నలు పడేదాకా కదలకుండా కూర్చోవడం ఆయనకు కొత్త కాదు.

మిషను లేకపోతే నిశ్శబ్దం అనుకుంటారు అందరూ. నిశ్శబ్దం కాదది. బొంత ముసుగేసుకుని పడుకుంటే అవతల గదిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టుంటుంది. మనుషులున్నారని తెలుస్తుంది, వాళ్ల మాటల్లో పదాలుండవు. ఎదురుగా ఒకావిడ పిల్లాణ్ణి కసురుతోంది, పెదాలు కదులుతున్నాయి, వేలు ఆడుతోంది. నర్సు తోసుకెళుతున్న బండి చక్రాలు వంకరగా తిరుగుతున్నాయి, కిర్రుమనాలి మరి, ఏమీ లేదు. హాయిగా ఉంది. ఎనిమిది నెలల తరవాత ఇంత హాయి. ఆ హాయికి సిగ్గు కూడా వేసింది ఆమెకి. లోపల వాళ్లు మిషను బాగానే ఉంది అంటే రేపు పొద్దున్న ఇంటర్‌సిటీకి రాయ్‌పూర్ వెళ్లాలి. అక్కడ మతిమరుపు డాక్టరు. టిక్కెట్లు కూడా తీసేశారు. మిషను బాగుంటే మతి పోయినట్టు, మతి బాగుంటే మిషను పాడైనట్టు. ఇంకో దారి లేదు. మిషను పాడైపోయి ఉంటే బాగుణ్ణని దేవుడికి దణ్ణం పెట్టుకునే మనిషిని ఎవరైనా చూశారా ఎక్కడైనా?

చెవి ఆమె బతుకు. నాన్న సన్యాసిరావు వ్యాగన్ల షాపులో ఫిట్టరుగా చేస్తూ డ్యూటీలోనే పోతే, ఆ ఉద్యోగం బదులు ఇరవై ఒకటో ఏట ఆమెకి రైల్వే టెలిఫోను ఎక్స్చేంజిలో కుర్చీ ఇచ్చారు. సోంపేట పక్కనించి వచ్చిన ఇంటి పిల్ల, హిందీ కూడా అంతంత మాత్రం. ఎదురుగా గోడంత బోర్డు, వందల కన్నాలు, తాళ్లు. ఎక్కడో అనూప్‌పూర్‌లో ఎవరో ఫోనెత్తితే ఇక్కడ చిన్న రేకు మూత టప్పున పడేది. ఆ కన్నంలో ఒక తాడు, రాయ్‌గఢ్ కన్నంలో ఇంకో తాడు, అంతే, రెండు ఊళ్లు మాట్లాడుకునేవి. మొదటి నెల ఏడ్చింది. ఆరో నెలకి గొంతు బట్టి మనిషిని చెప్పేది. కట్నీ కంట్రోలరుకి జ్వరమొచ్చిందని ఆయన పెళ్లానికంటే ముందు ఆమెకే తెలిసేది. మాట చివర స అక్షరం ఈలలా పలికేది నాగ్‌పూర్ బాబు, ర తినేసేది ఖరగ్‌పూర్ బాబు. సూపర్‌వైజరు తిరుమలరావు గారు వెనక నిలబడి నేర్పించారు. అవతలి పార్టీ మాట్లాడ్డం లేదని చెప్పకమ్మా, ముందు నీ తాడు చూసుకో, కన్నం చూసుకో, తీగ చూసుకో, అన్నీ బాగుంటే అప్పుడు మనిషిని అను. ఇంకో మాట కూడా చెప్పేవారు. లైను దొరకలేదనుకో, దొరకలేదని వెనక్కి వచ్చి చెప్పు, అంతేగానీ పిలిచినవాణ్ణి గాల్లో వదిలీకు. దాదాపు నలభై ఏళ్ల సర్వీసులో ఒక్కర్ని కూడా గాల్లో వదల్లేదు మాధవీలత. బోర్డు పోయి, కంప్యూటరు వచ్చి, ఆమె ఎంక్వయిరీ బల్ల మీదికి మారినా అంతే. హెడ్‌ఫోను మోసిన ఎడమ చెవి ముందు పోయింది. రిటైరైన రెండేళ్లకి కుడి చెవి కూడా దాని వెంట బయల్దేరింది.

అప్పుడు వచ్చాడు మనీష్. తోర్వా కమ్యూనిటీ హాల్లో ఉచిత చెవి పరీక్షలని బ్యానరు కట్టారు, లింక్ రోడ్డులో ఉన్న ఒక దుకాణం వాళ్లు. మనీష్ ఆ దుకాణం మనిషి. తెల్లచొక్కా, మెళ్లో బిళ్ల, మాట్లాడితే ఆంటీజీ. హాల్లో ఫ్యాన్లు తిరుగుతుంటే, పక్కన మిక్సీల అమ్మకం జరుగుతుంటే, అయిదు నిమిషాల్లో పరీక్ష అయిపోయింది. మర్నాడు ఇంటికే వచ్చాడు. సోఫాలో కూర్చుని, టీ తాగి, విశ్వనాథం కాళ్లకి దణ్ణం పెట్టి, ఫోనులో ఒక యాప్ తెరిచి చూపించాడు. మీ చెవికి తగ్గట్టు కంపెనీలోనే తయారై వస్తుంది ఆంటీజీ, వేలిముద్రలాగ, ఇంకెవరికీ పనికిరాదు అన్నాడు. ఎంత ముచ్చటేసిందో ఆ మాటకి. తన చెవికి మాత్రమే సరిపోయే వస్తువు. పెళ్లి ఉంగరమైనా సైజు చూసి కొన్నదే గానీ ఆమె వేలికని చేసింది కాదు. పది రోజులకి పెట్టె వచ్చింది. సీలు చింపి, మళ్లీ అంటించి ఉంది. ఇదేటి బాబూ అని విశ్వనాథం అడిగితే, చెక్ చేసి తెచ్చాను అంకుల్‌జీ, మీకు ఇబ్బంది రాకూడదని, అన్నాడు నవ్వుతూ. అచ్ఛా అన్నాడు ఈయన. అలా అచ్ఛా అనేసి ఊరుకున్న క్షణాలు బతుకులో ఎన్ని ఉంటాయో. వాటిలో ఒకదాన్నైనా అప్పుడే వేలు పెట్టి చూపించి, అదిగో అదీ, అని చెప్పేవాళ్లుంటే ఎంత బాగుణ్ణు.

మొదటి రోజే ఇల్లు రైలు పెట్టె అయిపోయింది. తోర్వాలో వాళ్ల పెరటి గోడ దాటితే పట్టాలు. బొగ్గు బండ్లు పగలంతా సీపత్ కరెంటు ప్లాంటు వైపు పోతూనే ఉంటాయి. ముప్పై ఏళ్లుగా అవి ఆమెకి వినబడీ వినబడని సంగతులు. మిషను పెట్టుకోగానే ఆ బండి నెత్తి మీంచి పోయినట్టుంది. ఫ్యాను గాలి తుఫాను, ఫ్రిజ్జు ములుగు, కుక్కరు కింద మంట కూడా ఊదుతున్నట్టుంది. మనుషులు మాత్రం నోట్లో గుడ్డ కుక్కుకుని మాట్లాడుతున్నట్టున్నారు. మాటలో పొట్ట వినబడుతోంది, తల, కాళ్లు లేవు. విశ్వనాథం చెప్పులెక్కడే అంటే, కప్పులు అల్మరాలో ఉన్నాయండీ అంది. సంచి తెమ్మంటే కంచం తెచ్చింది. మొదట్లో నవ్వుకున్నారు. మనీష్‌కి ఫోను చేస్తే, దిమాగ్ కో ఆదత్ డాల్నీ పడ్తీ హై ఆంటీజీ, బుర్రకి అలవాటు కావాలి, తియ్యకుండా పెట్టుకోండి అన్నాడు. పెట్టుకుంది. నెల తరవాత చేస్తే నంబరు పలకలేదు. దుకాణానికి వెళితే, మనీష్ మానేశాడు, మిషను సంగతి కంపెనీతో చూసుకోండి, మేం మధ్యవాళ్లం అన్నారు. కంపెనీ నంబరుకి చేస్తే ఒక రికార్డు గొంతు. హిందీకి ఒకటి నొక్కండి. చెవి మిషను గురించైతే మూడు నొక్కండి. మీ కాల్ మాకు చాలా ముఖ్యం. చెవిటివాళ్ల కోసం పెట్టిన నంబరులో అంత సన్నటి గొంతు ఎవరు పెట్టారో. తరవాత వీణ సంగీతం, మళ్లీ మీ కాల్ మాకు చాలా ముఖ్యం. మనిషి వచ్చేసరికి లైను తెగేది. ఎవరూ వెనక్కి వచ్చి, దొరకలేదమ్మా అని చెప్పలేదు. కూతురు శ్వేత ఫిర్యాదు రాసి పెడితే, సాయంత్రానికి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది, ధన్యవాదాలు అని. యాప్ తెరిస్తే అప్‌డేట్ అడిగింది, అప్‌డేట్ చేస్తే ఈ పరికరం మీ పేరున గుర్తించబడలేదు అంది. ఇప్పుడు తలుచుకుంటే, పిచ్చి యాప్, అదొక్కటే నిజం చెప్పిందేమో అనిపిస్తోంది. అప్పుడు మాత్రం దుకాణం వాళ్లు దాన్ని కూడా ఇంటి వైఫై మీదికి తోశారు. నాలుగోసారి వెళ్లినప్పుడు కౌంటరు దగ్గరి అమ్మాయి ఆమెతో కాక విశ్వనాథంతో అంది. అంకుల్, మిషన్ తో ఠీక్ హై, ఇస్ ఉమర్ మే కభీ కభీ సమఝ్ కమ్ హో జాతీ హై. మిషను బాగానే ఉందట, ఈ వయసులో గ్రహింపు తగ్గుతుందట. ఆ మాటొక్కటీ, ఎందుకో, తలా కాళ్లూ ఉండి స్పష్టంగా వినబడింది మాధవీలతకి.

విశ్వనాథం లేచి వెళ్లి నీళ్ల సీసా నింపుకొచ్చి ఆమె చేతిలో పెట్టాడు. తాగింది. తిరుమలరావు గారి సంగతి గుర్తుకు రాకుండా ఉంటే బాగుణ్ణు. వచ్చేసింది. దసరా ముందు ఒక మధ్యాహ్నం ఫోను మోగితే ఎత్తింది. ఆయన కూతురు బుజ్జమ్మ, విశాఖపట్నం నించి. ఆంటీ, నాన్న పోయారు అంది ఆ పిల్ల. ఈమెకి నాన్న ఒచ్చారు అని వినబడింది. ఎన్నాళ్లకో తండ్రీ కూతుళ్లు బిలాస్‌పూర్ వచ్చారు కాబోలు అనుకుని, ఓలమ్మ, ఎంత మంచి మాట చెప్పేవే, సంతోషం, ఫోను ఆయనకియ్యి అంది. అవతల ఏమీ లేదు. మళ్లీ అంది, ఇయ్యమ్మా, మాటాడతాను, అని. బుజ్జమ్మ ఫోను పెట్టేసింది. రాత్రి విశ్వనాథానికి తిరుమలరావు గారి అల్లుడు ఫోను చేసి చెప్పేదాకా ఆమె ఆయన కోసం మర్నాడు ఏం వండాలా అని ఆలోచిస్తూనే ఉంది. గొంతు బట్టి జ్వరం చెప్పిన మనిషి ఏడుపు బట్టి చావు పోల్చుకోలేకపోయింది. ఆ తరవాత ఫోను ఎత్తడం మానేసింది. మోగితే లోపలి గదిలోకి పోయేది.

అదైనా పోనీ. లాస్య సంగతి పోదు. శ్వేత కూతురు, రెండున్నరేళ్లు. శ్వేత కాపురం ఊళ్లోనే, కుదుదండ్‌లో. బ్యాంకుకి వెళుతూ వెళుతూ పొద్దున పిల్లని అమ్మమ్మ దగ్గర దింపేది, సాయంత్రం తీసుకెళ్లేది. నవంబరులో ఒక రోజు మాధవీలత వంటింట్లో తోటకూర తుంచుతోంది. విశ్వనాథం మందుల కొట్టుకి వెళ్లాడు. పైన ఎగ్జాస్టు ఫ్యాను తిరుగుతోంది, పెరటి అవతల బొగ్గు బండి పోతోంది, మిషను రెండింటినీ కలిపి చెవిలో పోస్తోంది. పిల్ల ముందు గదిలో బొమ్మలతో ఉందనే అనుకుంది. కూర సగం తుంచేసరికి మేడ మీది రాజేంద్ర భార్య తలుపు బాదకుండానే లోపలికి పరిగెత్తుకొచ్చింది, నోరంతా తెరిచి ఏదో అరుస్తోంది. ఆమె ఈమెని తోసుకుని స్నానాల గది దగ్గరికి పోయింది. లోపల గొళ్లెం పడిపోయింది. పిల్ల లోపలుంది. ఇరవై నిమిషాలు ఏడ్చిందట, మేడ మీదికి కూడా వినబడేట్టు. రెండు గదుల ఇవతల అమ్మమ్మకి వినబడలేదు. తలుపు సందులోంచి పుల్ల పెట్టి గొళ్లెం ఎత్తితే, ఎర్రబడ్డ మొహంతో, ఏడ్చి ఏడ్చి గొంతు రాక, నోరు మాత్రం తెరుస్తూ మూస్తూ కూర్చుని ఉంది లాస్య తడి నేల మీద. ఎత్తుకోబోతే అమ్మమ్మ చేతిలోకి రాలేదు, మేడ మీదావిడ చేతిలోకి పోయింది. సాయంత్రం శ్వేత వచ్చి అంతా విని, కోయీ బాత్ నహీ అమ్మా, పరవాలేదు, అంది. తిట్టి ఉంటే బాగుణ్ణు. తన కడుపున పుట్టిన పిల్ల పక్కింటి పెద్దావిడతో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడింది. సోమవారం నించి లాస్య, పగలంతా పిల్లల్ని చూసుకునే క్రెష్‌కి వెళ్లింది. ఆదివారాలు తీసుకొస్తారు, ఎవరో ఒకరు పక్కనే ఉంటారు. ఎవరూ ఏమీ అనరు. పిల్లని ఆమె ఒళ్లో కూర్చోబెట్టి వాళ్లు కూడా అక్కడే కూర్చుంటారు.

శ్వేత తప్పు లేదు. అమ్మమ్మ అచ్చియమ్మని అదీ చూసింది. మాధవీలత తల్లి అచ్చియమ్మ ఆఖరి మూడేళ్లూ వీళ్లింట్లోనే ఉంది, మొదట ఉప్పు డబ్బా మరిచింది, తరవాత వీధి మరిచింది, ఒక మధ్యాహ్నం అన్నం కలిపి పెడుతున్న మాధవీలత చెయ్యి పట్టుకుని, నువ్వెవరి పిల్లవే అమ్మా, మీ అమ్మ ఎతుకుతుంటాది, ఇంటికెల్లు, అంది. అది ఈ ఇంట్లో అందరికీ గుర్తుంది, కాబట్టి కంచం తెచ్చినప్పుడు నవ్వడం మానేశారు. గ్రహింపు తగ్గిందని కౌంటరు అమ్మాయి అన్న మాట ఇంట్లోకి వచ్చి సోఫాలో కూర్చుంది. పోయిన వారం శ్వేత తనకి తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మంచాయనే. నేను మూడు మాటలు చెప్తాను, గుర్తు పెట్టుకుని అయిదు నిమిషాలాగి చెప్పండి అన్నాడు. ఆయన నెత్తి మీద ఏసీ హోరు. ఆమెకి వినబడినవి పింటూ, దాదీ, మాలా. వింత మాటలే, అయినా గట్టిగా పట్టుకుంది, మనసులో పింటూ అనే పిల్లాడికి వాళ్ల దాదీ, నాన్నమ్మ, మాల వేస్తున్నట్టు బొమ్మ కూడా కట్టుకుంది. అయిదు నిమిషాల తరవాత గడగడా అప్పజెప్పింది. డాక్టరు కళ్లజోడు మీంచి శ్వేతని చూశాడు. ఆయన చెప్పింది నీంబూ, చాబీ, తాలా. నిమ్మకాయ, తాళంచెవి, తాళం. చీటీ రాశాడు, రాయ్‌పూర్‌లో ఫలానా ఆయనకి చూపించండి అని. బయటికొచ్చాక శ్వేత కారులో కాసేపు స్టీరింగు పట్టుకుని ఊరికే కూర్చుంది.

ఇంటికొచ్చి మంచం మీద పడుకుని ఆలోచించింది మాధవీలత. పింటూ, దాదీ, మాలా. పోలేదే, ఇప్పుడూ ఉన్నాయి. మర్నాడు లేచాక కూడా ఉన్నాయి. విన్నది మర్చిపోలేదు తను. వినడంలోనే ఏదో ఉంది. అప్పుడు ఎక్కడినించో తిరుమలరావు గారి గొంతు, ముందు నీ తాడు చూసుకో అమ్మా. ఎనిమిది నెలలు ఇంతమంది కలిసి మనిషిని చూశారు, తాడు చూసినవాళ్లు లేరు. తాడు అమ్మినవాళ్లే, తాడు బాగుందన్నారు. లేచి వెళ్లి విశ్వనాథం ఎదురుగా నిలబడి, రాయ్‌పూర్ ఎల్లీముందు ఒక్కపాలి ఈ మిషన్ని సర్కారోల్లకి సూపించండి, దుకాణమోల్లకి కాదు, అంది. ఆయన ముందు వాదించాడు, పెద్ద గొంతుతోనే, ఈ మధ్య ఆయనకి ఇంకో గొంతు లేదు. వాదించి, చొక్కా వేసుకుని, గోవిందరావు ఇంటికి వెళ్లాడు.

మోచెయ్యి తట్టాడు విశ్వనాథం. తలుపు తెరుచుకుంది, గిరిబాబు చెయ్యి ఊపుతున్నాడు. ఆమె లేచింది. విశ్వనాథం భుజం పట్టుకుని లోపలికి వెళ్లింది. గిరిబాబు మొహం చూసింది, ఏమీ తెలియలేదు. కుర్చీలో కూర్చోమని, మిషను మళ్లీ ఆమె కుడి చెవిలో అమర్చి, దాని మీది నుంచి సన్నటి తీగ కంప్యూటరుకి తగిలించి, ఏవో గీతలు జరిపాడు. ఒక చిన్న కూత. ఆ తరవాత అతను బల్ల మీది కాగితం తిప్పాడు. ఆ కాగితం గరగరలాడింది. ఆమె ఉలిక్కిపడి కాగితం వంక చూసింది. కాగితానికి శబ్దముంటుందని మర్చిపోయింది. ఎక్కడో టిక్కు టిక్కుమంటోంది, గోడ గడియారం. విశ్వనాథం ముక్కుతో గాలి పీలుస్తున్నాడు, సన్నటి ఈల, ఆ ఈల పెళ్లైన కొత్తలో రాత్రుళ్లు విన్నది.

"ఆంటీ, సరిగ్గా వినిపిస్తోందా?" అన్నాడు గిరిబాబు.

స వినబడింది. రి పక్కన గ్గా కూడా వినబడింది. తలూపింది.

"అచ్ఛా. ఇప్పుడు ఇద్దరూ వినండి. ఈ మిషను మీది కాదు ఆంటీ. మతలబ్, అంటే, కొన్నది మీరే, కానీ ఇందులో పెట్టిన లెక్క మీ చెవిది కాదు. లోపల మెమరీలో వేరే పేషెంట్ ఉన్నాడు. డెబ్బై ఒక్క ఏళ్ల మగమనిషి, రెండేళ్ల కిందటి తారీఖు. ఆయన వెనక్కిచ్చిన పీసుని పెట్టె మార్చి మీకు అంటగట్టారు. కనీసం పాత సెట్టింగు తుడిచెయ్యనైనా లేదు."

"అంటే ఏటి బాబూ?" అన్నాడు విశ్వనాథం.

"ఆయనకి లావు శబ్దాలు వినబడవు అంకుల్. బండి హోరు, ఫ్యాను, అలాంటివి. అందుకని మిషను వాటిని పెంచుతుంది. ఆంటీకి అవి బాగానే వినబడతాయి. ఆంటీకి పోయింది సన్నవి. స, చ, ప, పిల్లల ఏడుపు. వాటిని ఇది పెంచకపోగా ఇంకా తొక్కేసింది. మిషను పెట్టుకున్నాక ఆంటీకి మునుపటికంటే తక్కువ వినబడి ఉంటుంది."

పిల్లల ఏడుపు అన్న దగ్గర మాధవీలత కళ్లు మూసుకుంది. లోపల ఏదో బిగించి కట్టిన ముడి ఒకటి, ఎక్కడ కట్టారో కూడా మర్చిపోయిన ముడి, జారి వదులైంది. వినలేదు తను. పట్టించుకోకపోవడం కాదు, మర్చిపోవడం కాదు. ఎనిమిది నెలలు ఒక పరాయి ముసలాయన చెవి పెట్టుకుని తన ఇంట్లో తిరిగింది. ఆయనెవరో, ఏ ఊరో, ఇప్పుడు ఉన్నాడో లేడో, ఎందుకు తిరిగిచ్చాడో. ఆయన కోసం అమర్చిన రైళ్లన్నీ తను విన్నది. కోపం రావాలి. వస్తుంది కాబోలు, రేపో ఎల్లుండో, దుకాణం మెట్లెక్కేటప్పుడు. ఇప్పుడు మాత్రం ఏడుపొచ్చేంత తేలిగ్గా ఉంది.

"బాబూ," అంది, "నా మతి?"

"అది నా పని కాదు ఆంటీ, నేను చెప్పకూడదు. కానీ వినబడని మాటకి జవాబు ఎవరు చెప్పగలరు?"

"అయితే నువ్వూ మూడు మాటలు చెప్పు. నోటికి కాగితం అడ్డం పెట్టుకుని చెప్పు. అయిదు నిమిషాలాగి అడుగు."

అతను నవ్వి, కాగితం అడ్డం పెట్టుకున్నాడు. "సబ్బు. పలక. చీమ."

తరవాత కంప్యూటరు వైపు తిరిగి రిపోర్టు టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. మిషను నంబరు, లోపలున్న తారీఖు, ఈమె చెవి గీతలు, రెండూ కలవవని. బయటినించి ఇంకొకావిడ తలుపు తోసి ఏదో అడిగింది, ఆవిడకి జవాబు చెప్పాడు. ప్రింటరు కాగితం మింగేసింది, దాన్ని కొట్టి లాగాడు. ముద్ర వెతికాడు, దొరకలేదు, సొరుగులో ఉంది. ప్రస్తుతానికి దీన్నే మీ చెవికి అమర్చాను, పని చేస్తుంది, కానీ దుకాణం వాళ్లు కొత్తది ఇచ్చి తీరాలి, ఇవ్వకపోతే ఈ కాగితంతో వినియోగదారుల ఫోరానికి వెళ్లండి, అని విశ్వనాథానికి చెప్పి, ముద్ర వేసి, సంతకం పెట్టి, ఇంకేమైనా ఉన్నాయా ఆంటీ అన్నాడు.

"సబ్బు, పలక, చీమ," అంది మాధవీలత. "నువ్వడగడం మర్చిపోయేవు బాబూ."

గిరిబాబు ఒక్క క్షణం అలా చూసి, తల మీద చెయ్యి పెట్టుకుని, పగలబడి నవ్వాడు. విశ్వనాథం నవ్వలేదు. సంచి సర్దుతున్నాడు, సర్దిందే మళ్లీ సర్దుతున్నాడు.

అక్కడినించే శ్వేతకి తనే ఫోను చేసింది, మిషనున్న కుడి చెవికి ఆనించుకుని. బ్యాంకులో ఉంది శ్వేత, వెనకాల నోట్లు లెక్కపెట్టే మిషను చప్పుడు, ఎవరో టోకెను నంబరు పిలుస్తున్న చప్పుడు. అమ్మ ఫోను చెయ్యడమే వింతగా, అమ్మా, ఏటైంది, అంది కంగారుగా. ఉన్నదున్నట్టు చెప్పింది మాధవీలత, గిరిబాబు చెప్పిన వరసలోనే, ఒక్క ముక్క పోకుండా. అవతలినించి ఒక సన్నటి శబ్దం వచ్చింది, చీమంత శబ్దం, అది కూతురు ఏడుపు ఆపుకుంటున్న శబ్దమని తెలిసిపోయింది. ఊరుకో, అందరూ సూస్తారు, కౌంటరు కాడున్నావు, అంది. శ్వేత ముక్కు ఎగబీల్చి, "రాయ్‌పూర్ టిక్కెట్లు కేన్సిల్ చేసెయ్యమను నాన్నని. రేపు లాస్యని క్రెష్‌కి పంపట్లేదు. ఎనిమిదిన్నరకి తెచ్చి నీ దగ్గర దింపేసి వెళతాను. నాకు ఆగడానికి టైముండదు, గేటు దగ్గరే ఇచ్చేస్తాను, సరేనా?" అంది.

గేటు దగ్గరే ఇచ్చేస్తుందట. పక్కన కూర్చోదట. సరే అంది మాధవీలత.

బయట కారిడార్లో ఎక్కడెక్కడి చప్పుళ్లూ ఒక్కొక్కటే వచ్చి ఎవరి చోట్లో వాళ్లు కూర్చుంటున్నట్టున్నాయి. కసిరే ఆవిడ ఛత్తీస్‌గఢీలో కసురుతోంది, జూతా పహిర్, జల్దీ కర్, జోళ్లు తొడుక్కో, తొందరగా, అని. బండి చక్రం కిర్రుమంది. విశ్వనాథం ఆమె చెవి దగ్గరికి వంగి, అలవాటు కొద్దీ, వీధి అవతల మనిషిని పిలిచినట్టు, "ఆటో ఎక్కీద్దుమా! ఏటే!" అని అరిచాడు. బల్లల మీద వాళ్లంతా తిరిగి చూశారు. ఆమె చెవి మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది.

"అలగ అరవకండి. నెమ్మదిగా సెప్పండి, ఇనబడతంది."

ఆయన సంచి ఈ చేతినించి ఆ చేతికి మార్చుకున్నాడు. ఎనిమిది నెలల నించి అరిచే గొంతు, తగ్గించమంటే ఎక్కడ పట్టుకుని తగ్గించాలో తెలియనట్టు మెట్ల దాకా ఆమె పక్కనే నడిచాడు. మెట్ల దగ్గర ఆగాడు. కమ్మీ పట్టుకుని, కిందికి చూస్తూ, ఆమె వైపు తిరక్కుండానే అన్నాడు.

"మీ అమ్మలాగ, నన్ను కూడా ఎవరు నువ్వని అడుగుతావేమోనని… బయమేసీసిందే నాకు."

పక్కనే దిగుతున్నవాళ్లకి కూడా అందనంత మెల్లగా, గొంతులో సగం గాలే ఉన్న మాట అది. మాధవీలతకి ఒక్క అక్షరం పోకుండా వినబడింది.